నాలుగో అర్ఘ్యం

మానేసిన సంధ్యావందనాల లెక్క వేయమని నన్నెవరూ అడగలేదు. 2024 ఆగస్టులో ఒక మధ్యాహ్నం, భోజనమయ్యాక కునుకు పట్టక, పాత క్యాలెండరు కాగితం చించి దాని వెనక నేనే వేసుకున్నాను. 1982 ఆగస్టులో ఉద్యోగంలో చేరాను. అప్పటినుంచి 42 ఏళ్ళు. లీపు సంవత్సరాల రోజులు పదకొండూ కలుపుకుంటే 15,341 రోజులు. రోజుకు మూడు సంధ్యల చొప్పున 46,023. సంధ్యకు పది గాయత్రి అని తక్కువలో తక్కువ వేసుకున్నా 4,60,230. ముప్ఫై ఎనిమిదేళ్ళు ట్రెజరీలో బిల్లులు చూసినవాడికి బాకీ అన్న మాట తట్టగానే చేతిలోకి పెన్ను వస్తుంది, ఏం చేస్తాం.

ఏ రోజు సంధ్యలు ఆ రోజు చేసుకుంటూ, పాతవి రోజుకు మూడు చొప్పున తీర్చుకుంటూ పోతే బాకీ పూర్తయ్యేసరికి నాకు 106 ఏళ్ళు వస్తాయి. అది కూడా రాసి కింద రెండు గీతలు కొట్టాను.

మా ఆవిడ ఆ కాగితం చూసి, "ఏమిటండీ ఇది, మనం ఎవరికైనా అప్పు ఉన్నామా?" అంది. ఉన్నామన్నాను.

నా ఉపనయనం 1968లో, ఎనిమిదో ఏట, నెల్లూరు మూలాపేటలో మా ఇంట్లోనే జరిగింది. సంధ్యావందనం నేర్పింది మాత్రం తాతయ్య. ఎండాకాలం సెలవుల్లో తెల్లవారుజామునే లేపి, రంగనాయకులపేట దాకా నడిపించుకుని పెన్నకు తీసుకెళ్ళేవారు. ఆ నెలల్లో పెన్న అంటే ఇసుకే. నీటిపాయ ఎక్కడో అవతలి ఒడ్డున సన్నగా ఉండేది. తాతయ్య పంచె ఎగగట్టి, ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో చెలమ తోడేవారు. మోచేతి లోతు వెళ్ళేసరికి ఇసుక రంగు మారేది. ఇంకొంచెం తోడితే మట్టిరంగు నీళ్ళు ఊరేవి. అవి దోసిళ్ళతో ఎత్తి పారబోసేవారు. రెండోసారి ఊరినవీ పారబోసేవారు. మూడోసారి వచ్చిన నీళ్ళు అద్దంలా ఉండేవి, అడుగున ఇసుక రేణువులు కదలడం కనిపించేది. నాకు ఆత్రం. సంధ్యకు నీళ్ళు పట్టే పంచపాత్ర పట్టుకుని ముందుకు వంగేవాణ్ణి. "ఆగరా, నీళ్ళు కూడా స్నానం చేసి రావాలి కదా," అనేవారు.

ఆ పంచపాత్రను ఒకసారి రంగనాథుడి గుడి వెనక మెట్ల మీద జారవిడిచాను. అంచు కింద చింతగింజంత సొట్ట పడింది. తాతయ్య దాన్ని బొటనవేలితో తడిమి చూసి, ఏమీ అనకుండా సంచిలో వేసుకున్నారు.

సంధ్య ఏ వేళకు చేయాలన్నదానికి ఆయన దగ్గర ఒక శ్లోకం ఉండేది. పొద్దుటి సంధ్య నక్షత్రాలుండగా చేస్తే ఉత్తమం, నక్షత్రాలు కనుమరుగయ్యాక చేస్తే మధ్యమం, సూర్యుడు వచ్చాక చేస్తే అధమం. సాయంత్రం దీనికి తిరగేసి: సూర్యుడుండగా ఉత్తమం, చుక్కలు పొడిచాక అధమం. శ్లోకం చెప్పి చివర, "అధమం కూడా సంధ్యే," అని సొంత మాట ఒకటి చేర్చేవారు.

మానేయడం ఒక్కరోజులో జరగలేదు. ముందు మధ్యాహ్నపు సంధ్య, మాధ్యాహ్నికం, పోయింది. దానికి సాకు కూడా వెతుక్కోలేదు, పట్టపగలు ఆఫీసులో దోసిలితో నీళ్ళు వదిలి సూర్యుడికి అర్ఘ్యం ఎక్కడ ఇస్తారు? తర్వాత సాయంత్రానిది. సూర్యుడు అస్తమించే వేళకు నేను ఆఫీసు ఎదుట బండి దగ్గర మిరపకాయ బజ్జీలకు నిలబడి ఉండేవాణ్ణి. పొద్దుటిదాన్ని పేరుకు మాత్రం కొన్నేళ్ళు ఈడ్చాను. పొదిలిలో ఉన్నప్పుడు స్నానం చేస్తూనే పది గాయత్రి గొణిగేవాణ్ణి. (వాటిని లెక్కలోంచి మినహాయించలేదు. అవి సంధ్యలు కావు.) కనిగిరికి బదిలీ అయ్యాక అదీ లేదు. ఆ ప్రాంతంలో నీళ్ళకు ఎంత కటకటో తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. బోరు నీళ్ళలో ఫ్లోరైడు, తాగే నీళ్ళు బిందె లెక్కన కొనుక్కునేవాళ్ళం. నీళ్ళు లేవు కాబట్టి సంధ్య లేదని నాకు నేను చెప్పుకున్నాను. అర్ఘ్యానికి కావలసింది మూడు దోసిళ్ళు. మూడు దోసిళ్ళ నీళ్ళకు గతిలేని ఇల్లు కాదు మాది, అది నాకు అప్పుడూ తెలుసు.

మెడలో జంధ్యం మాత్రం ఉండేది. ఏటా శ్రావణ పూర్ణిమకు కొత్తది వేసుకునేవాణ్ణి. దానికి ఒక పిన్నీసు, బీరువా తాళంచెవి. "గాయత్రీదేవి మా ఇంటి కాపలా చూస్తోంది," అని స్నేహితులతో హాస్యమాడేవాణ్ణి, వాళ్ళు నవ్వేవారు.

2020లో రిటైరయ్యాను. కరోనా రోజులు. ఆఫీసు లేదు, బస్సు లేదు, గడప దాటే పని లేదు. నా సాకులన్నీ నాతోపాటే రిటైరయ్యాయి. అయినా ఒంగోలు లాయరుపేటలో మా ఇంటి వరండాలో నాలుగేళ్ళు పేపరు చదువుతూ కూర్చున్నాను.

ఈ నాలుగేళ్ళ మధ్యలో ఒకటి జరిగింది. 2023లో మా ఆవిడకు పిత్తాశయంలో రాళ్ళు తీయడానికి ఆపరేషన్ అయింది. జ్వరం తగ్గక పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉండవలసి వచ్చింది. రాత్రిళ్ళు మా అబ్బాయి అక్కడ పడుకునేవాడు, నేను ఇంటికి వచ్చేసేవాణ్ణి. పన్నెండో రోజు సాయంత్రం తీసుకొచ్చాం. గోడ పట్టుకుని నడుస్తూ ఆమె తిన్నగా దేవుడి గూటి దగ్గరికి వెళ్ళింది. కుందిలో వత్తి ఆమె ఆస్పత్రికి వెళ్ళిననాటిది. నల్లగా బిగుసుకుపోయి ఉంది, నూనె జిగురు కట్టింది, అందులో ఒక చీమ చచ్చి ఉంది. కుందికి జానెడు దూరంలో అగ్గిపెట్టె. ఆమె నా వైపు చూడలేదు. కుంది కడిగించుకుని, వత్తి వేసి, దీపం వెలిగించి, రెండు చెంపలూ వేసుకుంది. "తల్లీ, పదకొండు రోజులు నిన్ను చీకట్లో ఉంచాను, తప్పయింది," అంది.

ఉంచాను అంది. ఉంచాము అని కూడా అనలేదు.

ఆ మర్నాటినుంచే నేను మొదలుపెట్టి ఉంటే చెప్పుకోవడానికి బాగుండేది. మొదలుపెట్టలేదు. ఇంకో ఏడాది గడిచింది.

2024 వేసవిలో మూలాపేట ఇల్లు అపార్ట్‌మెంటు కట్టేవారికి అప్పగించాం. అటక ఖాళీ చేస్తుంటే గోనెసంచిలో చుట్టిన ఇత్తడి సామాను దొరికింది. సొట్ట ఉన్న పంచపాత్ర నల్లగా మసిబారి ఉంది. నీళ్ళు తీసుకునే చెంచా, ఉద్ధరిణి, దాని లోపలే ఉంది. ఒంగోలు తెచ్చి చింతపండు పెట్టి తోమాను. సొట్ట దగ్గర మాత్రం నలుపు పూర్తిగా వదల్లేదు, ఇప్పటికీ ఉంది.

ఇక బాకీ సంగతి తేల్చుకోవాలనుకున్నాను. నెల్లూరు మనిషికి బాకీ అంటే రొట్టె గుర్తుకు రావాలి. మొహర్రంలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి కోరిక రొట్టె పుచ్చుకుంటారు. చదువుకు ఒకటి, పెళ్ళికి ఒకటి, సంతానానికి ఒకటి. కోరిక తీరినవారు మళ్ళీ ఏడు వచ్చి అదే కోరిక రొట్టె మరొకరికి ఇస్తారు. హిందువులూ ముస్లిములూ అని లేదు, అందరూ దిగుతారు. నేనూ 1981లో ఉద్యోగం రొట్టె తీసుకున్నాను, 1983లో వెళ్ళి తిరిగి ఇచ్చాను. ఒక ఏడు ఆలస్యమైంది, సెలవు దొరకలేదు. కానీ ఇచ్చాను. చెరువు దగ్గర మాట నిలబెట్టుకున్న మనిషిని ఇంట్లో తులసికోట దగ్గర ఎందుకు ఎగ్గొట్టానో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. పదిమందీ చూసే బాకీ, ఎవరూ చూడని బాకీ ఒకటి కావేమో.

మొదట ఇళ్ళకు వచ్చి వ్రతాలు చేయించే ఒక పెద్దాయనను అడిగాను. ఆయన నా మాట సగంలోనే ఆపి, శాస్త్రంలో కృచ్ఛ్రాలు అని ప్రాయశ్చిత్తాలున్నాయని, అవి చేయలేనివారికి ప్రత్యామ్నాయాలున్నాయని చెప్పారు. ఒక ప్రాజాపత్య కృచ్ఛ్రానికి బదులు పదివేల గాయత్రి. అదీ చేయలేకపోతే గోదానం. గోవు లేకపోతే దాని మూల్యం. మూల్యం ఇవ్వలేకపోతే శక్తికొద్దీ హిరణ్యం. "ఒక 516 ఇప్పించండి, సంకల్పం చెప్పిస్తాను, పోతుంది," అన్నారు.

శాస్త్రంలో లేనిదేమీ ఆయన చెప్పలేదు. పెద్దలు ముసలివాడికీ, రోగికీ, పేదవాడికీ దారి మూసేయకుండా మెట్టు మెట్టుకూ కింద ఇంకో మెట్టు కట్టారు. కానీ నేను ముసలివాణ్ణి కాక ముందు మానేశాను, రోగం లేకుండా మానేశాను, నెలనెలా జీతం తీసుకుంటూ మానేశాను. ఇంటికొచ్చి లెక్క వేశాను. 516 రూపాయలను 46,023తో భాగిస్తే సంధ్యకు ఒక్క పైసా, పైన కాస్త. ఆ బిల్లు నా దగ్గరికి వచ్చి ఉంటే అభ్యంతరం రాసి వెనక్కి పంపేవాణ్ణి.

జంధ్యాల పూర్ణిమ ఆ ఏడు ఆగస్టు 19న వచ్చింది. కొత్త జంధ్యం వేసుకున్నాను. పాతది తీసేటప్పుడు చెప్పే శ్లోకంలో, దారాలు తెగినది, జీర్ణమైనది, మురికి పట్టినది, దీన్ని విడుస్తున్నాను అని ఉంటుంది. పిన్నీసు, తాళంచెవి తీసి కిటికీలో పెట్టాను. పంచపాత్రతో తులసికోట ముందు పీట వేసుకుని కూర్చున్నాను.

ఆచమనం వచ్చింది. కేశవాయ స్వాహా, నారాయణాయ స్వాహా, మాధవాయ స్వాహా అని నోరు దానంతట అదే వెళ్ళిపోయింది. ప్రాణాయామం వచ్చింది. ఆపోహిష్ఠా చెప్తూ నెత్తిన నీళ్ళు చల్లుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎంత బాగా గుర్తుందో అని కొంచెం గర్వపడ్డాను కూడా. ఆ తర్వాత అరచేతిలో నీళ్ళు పోసుకుని "సూర్యశ్చ మా మన్యుశ్చ" అన్నాను. తర్వాతి మాట రాలేదు. మళ్ళీ మొదటినుంచి అందుకున్నాను, అక్కడే ఆగింది. మూడోసారి అందుకుంటే సాయంత్రపు మంత్రం "అగ్నిశ్చ" వచ్చి కలిసిపోయింది. అరచేతిలో నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారి మోచేతి దాకా వచ్చాయి. అరవై నాలుగేళ్ళ మనిషిని, ఎక్కం మరిచిపోయిన పిల్లవాడిలా కూర్చున్నాను. నీళ్ళన్నీ కారిపోయాక లేచాను.

మా వీధి చివర శివాలయంలో ఉన్న అర్చకుడికి ముప్ఫై దాటి ఉండవు. నన్ను బాబాయిగారూ అంటాడు. ప్రదోషం పూజ అయ్యాక జనం పలచబడే దాకా ఆగి, మంత్రం రాసి ఇమ్మని అడిగాను. పనిలో పనిగా క్యాలెండరు కాగితం కూడా చూపించాను. అంకెలు చూసి మర్యాదకు నవ్వు ఆపుకున్నాడు.

"బాబాయిగారూ, దీని అర్థం ఎప్పుడైనా చూశారా?"

లేదన్నాను. నంది పక్కన గచ్చు మీద కూర్చుని మాట మాట విడదీసి చెప్పాడు. సూర్యుడు, కోపం, కోపానికి అధిపతులు, కోపం వల్ల జరిగిన పాపాలనుంచి నన్ను కాపాడాలి. రాత్రి నేను మనసుతో, మాటతో, చేతులతో, కాళ్ళతో, పొట్టతో చేసిన పాపాన్ని ఆ రాత్రే తుడిచివేయాలి. పొట్ట దగ్గర నాకు బజ్జీల బండి కనిపించింది.

"యద్రాత్ర్యా, అంటే గడిచిన రాత్రి చేసినది. సాయంత్రం మంత్రంలో యదహ్నా, ఆ పగలు చేసినది. అడగడానికి ఇందులో ఉన్నది అంతవరకే."

"మరి అంతకుముందువి?"

"వాటికి వాటి పొద్దుళ్ళు ఉన్నాయి కదండీ. అప్పుడు మీరు రాలేదు."

ఆ మాట కటువుగా అనలేదు. బస్సు వెళ్ళిపోయిందని చెప్పినట్లు చెప్పాడు. నేనే కాసేపు నంది మెడలో గంటల దండ చూస్తూ ఉండిపోయాను.

"అయితే ఇప్పుడు నేనేం చేయాలి?"

"రేపు పొద్దున చేయండి."

"ఆలస్యమైతే?"

"మూడు అర్ఘ్యాలయ్యాక నాలుగోది ఇవ్వండి. మీకు నేర్పే ఉంటారు."

నేర్పారు. ఎప్పుడూ అవసరపడక మరిచిపోయాను. తాతయ్యతో వెళ్ళినప్పుడు నక్షత్రాలుండగానే పూర్తయ్యేది, తాతయ్య పోయాక వేళ సంగతే పట్టించుకోలేదు. వేళ దాటితే, కాలాతిక్రమణ దోష ప్రాయశ్చిత్తార్థం అని సంకల్పం చెప్పుకుని నాలుగో అర్ఘ్యం వదలాలి. ప్రోనోటుకు మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుందంటాం, ఆ కాగితం ఇక దేనికీ పనికిరాదు. ఇక్కడ కాలదోషానికి ఒక దోసెడు నీళ్ళు. ఈ పద్ధతి రాసినవారు ఎవరో గాని, మనిషి ఆలస్యంగా లేస్తాడని, లేచినా బద్ధకిస్తాడని ముందే తెలిసి రాశారు. అపరాధం సంగతి పద్ధతిలోనే కలిపేశారు. అంతేకాదు, ఆ నాలుగోది ఆ పూట ఆలస్యానికే. 1982నాటి ఆలస్యాన్ని దాని కింద చూపించడానికి పద్దు లేదు.

ట్రెజరీలో రోజువారీ క్యాష్‌బుక్ సాయంత్రం మూసేటప్పుడు ముగింపు నిల్వ రాస్తాం, మర్నాడు అదే ప్రారంభ నిల్వ అవుతుంది. ఏ పైసా ఎక్కడికీ పోదు. నేను బతికిన పద్ధతి అది. ఈ మంత్రంలో ప్రారంభ నిల్వ అన్న గడి లేదు. ఆ రాత్రిది ఆ పొద్దున, ఆ పగటిది ఆ సాయంత్రం. మొదట్లో ఇది చాలా తేలిక అనిపించింది. ఇప్పుడు ఆ పెద్దాయన చెప్పిన 516 రూపాయలే తేలిక అనిపిస్తోంది.

అర్చకుడు రాసిచ్చిన కాగితంలో పాపమకార్షమ్ అన్న చోట నా చూపు ఆగింది. ఎక్కడో విన్న మాట. రెండు రోజులకు గుర్తొచ్చింది. మూలాపేటలో మా పక్కింటివారు తమిళులు. శ్రావణ పూర్ణిమ నాడు వాళ్ళింట్లో మగవారంతా వరసగా కూర్చుని "కామోకార్షీత్, మన్యురకార్షీత్" అని జపం చేసేవారు. పుష్య మాసంలో చేయవలసిన ఉత్సర్జనం, అంటే వేదపాఠానికి విరామమిచ్చే కర్మ, చేయని తప్పుకు ప్రాయశ్చిత్తం అని చెప్పేవారు. కామం చేసింది, కోపం చేసింది అని దాని అర్థం. నాకు పదేళ్ళుంటాయేమో, గోడమీంచి చూస్తూ, "వాళ్ళ తప్పు ఇంకెవరిమీదో తోసేస్తున్నారేమిటి తాతయ్యా," అన్నాను. ఆయన, "ఒప్పుకోవడం చేతకానివాడికి కూడా ఒక దారి ఉండాలి కదరా," అన్నారు.

అకార్షీత్ అంటే చేసింది. అకార్షమ్ అంటే చేశాను. ఏడాదికి ఒకసారి కామమూ కోపమూ చేశాయని చెప్పుకోవడానికి వీలుంది. రోజూ రెండుపూటలా చెప్పేదానిలో మాత్రం ఆ వీలు లేదు, క్రియ నా పేరు మీదే ఉంది. కనిగిరి నీళ్ళు చేశాయి, బదిలీలు చేశాయి, మార్చి 31 రాత్రి పన్నెండు దాకా పాస్ చేసిన బిల్లులు చేశాయి అని నలభై రెండేళ్ళు నేను చేసింది అకార్షీత్ జపమే. మా ఆవిడ సంస్కృతం చదువుకోలేదు. గోడ పట్టుకుని నిలబడి, తాను చేయని తప్పుకు "ఉంచాను" అంది.

ఆ సంగతి ఆమెతో ఎప్పుడైనా మాట్లాడానా అంటే, ఒకసారి ప్రయత్నించాను. కార్తీక మాసంలో, ఆమె వత్తులు చేస్తుంటే. "నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడు దీపం నేను పెట్టి ఉండవలసింది," అన్నాను. "మీకు వత్తి ఎక్కడుంటుందో తెలుసా?" అంది. తెలియదు. లేచి వెళ్ళి చూపించింది. పై అరలో, కుంకుమ భరిణె వెనక, పాత హార్లిక్స్ సీసాలో.

ఇప్పుడు పొద్దుటిది, సాయంత్రానిది చేస్తున్నాను. మాధ్యాహ్నికం ఇంకా పట్టుబడలేదు, భోజనం వేళకు ఆకలే గుర్తుంటుంది. మొన్న నెల్లూరు వెళ్ళినప్పుడు పెన్న దగ్గరికి కూడా వెళ్ళాను. 2022లో కొత్త బ్యారేజీ వచ్చాక నది రూపే మారింది, చెలమ తోడిన చోటు ఏదో పోల్చుకోలేకపోయాను. క్యాలెండరు కాగితం బీరువాలో ఉంది. చించేయాలని ఒకటి రెండుసార్లు తీశాను గాని, అకౌంటు కాగితం చించే అలవాటు లేదు.

నక్షత్రాలుండగా లేచిన రోజులు ఇంతవరకు పదకొండు. మిగిలినవన్నీ తాతయ్య లెక్కలో మధ్యమం, అధమం. ఇవాళ పొద్దున మెలకువ వచ్చేసరికి వరండా మీద ఎండ పడింది. తులసికోట ముందు నిలబడి ఒకటి, రెండు, మూడు వదిలాను. పళ్ళెంలో నీళ్ళు పడే చప్పుడు ఆగింది. సంకల్పం చెప్పుకుని, మళ్ళీ దోసిలి నింపుకుని నాలుగోది వదిలాను. గాయత్రి పూర్తి చేసి, పంచపాత్ర బోర్లించి వంటింట్లోకి వచ్చేసరికి మా ఆవిడ పొయ్యి దగ్గర ఉంది.

"ఇవాళ కూడా నాలుగు వినిపించాయి," అంది.

"అవును."

"తొందరేమీ లేదులెండి, కాఫీ ఇంకా కలపలేదు."